కూలనిది ఫైలొక్కటే

2010 మార్చి 3. బేగంపేట విమానాశ్రయంలో ‘ఇండియా ఏవియేషన్’ సంబరం మొదటిరోజు. షామియానాలు, ఎర్ర తివాచీలు, మెడల్లో బిళ్లలు, ఆ బిళ్లల వెనకాల పెద్దమనుషులు. పైన ఆకాశంలో నౌకాదళం వారి ‘సాగర్ పవన్’ బృందం, నాలుగు కిరణ్ విమానాలు. నౌకాదళానికి ఇలాంటి విన్యాస బృందం ఉన్న దేశాలు ప్రపంచంలో రెండే, ఒకటి అమెరికా, రెండోది మనమేనని మురిసిపోయే రోజులవి. ఆ నాలుగింటిలో ఒకటి కిందికి దూకి, మళ్లీ పైకి లేవాల్సిన చోట లేవలేదు. న్యూ బోయిన్‌పల్లిలో జనం కాపురాలుండే ఒక ఇంటిని ఢీకొట్టింది. ఒక కమాండర్, ఒక లెఫ్టినెంట్ కమాండర్ చనిపోయారు. కింద కొందరు గాయపడ్డారు. టికెట్టు కొననివాళ్లకు ముందువరస దక్కడమంటే అదే.

తర్వాత జరగాల్సినవన్నీ ఠంచనుగా జరిగాయి. సంతాపాలు వచ్చాయి. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా, ఆ చారెడు కళ్లనూ పొగిడారు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీకి ఆదేశించారు. ఇళ్లమధ్య, మిద్దెలమీద, కేబుల్ వైర్లమీదుగా జెట్ విమానాల చేత పిల్లిమొగ్గలు వేయించాలన్న ఆలోచన ఎవరిదని మాత్రం అడిగిన నాథుడు లేడు. 2008లో ప్రయాణికుల విమానాల్ని బేగంపేట నుంచి శంషాబాద్‌కు పంపించేశాం కదా, ఖాళీ రన్‌వే ఊరికే పడివుంటే పాపమని విన్యాసాలు పెట్టినట్టున్నారు.

ఆ ప్రమాదానికి విమానం ముసలితనమే కారణమని నేననను. కొత్త విమానాలూ కూలతాయి. 2023 డిసెంబర్‌లో తూప్రాన్ దగ్గర కూలి ఇద్దర్ని బలిగొన్న పిలాటస్ శిక్షణ విమానం, దుండిగల్ వైమానికదళ అకాడమీకి వచ్చి అప్పటికి పదేళ్లే అయిన రకం. నేలకు ఆనుకుని చేసే విన్యాసంలో సెకను తేడాకు పరిహారం లేదు, అది ఎంతటి ఆరితేరిన పైలట్‌కైనా అంతే. నా తగువు వేరే. ఆ ఇద్దరు అధికారులు కూర్చున్నది 1964లో మొదటిసారి ఎగిరిన రకం విమానంలో. దాన్ని ఇంటికి పంపాల్సిన కొత్త విమానం 2010 నాటికి ఏ ఫైలులో తాళ్లు కట్టించుకుని పడుకుంది? తగువు ఆ ఫైలుతో.

కిరణ్‌ను తిట్టడానికి నాకు నోరు రాదు. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో వి.ఎం. ఘాటగే నాయకత్వంలో మనవాళ్లే గీసి, మనవాళ్లే కట్టిన జెట్ ట్రైనర్. 1964 సెప్టెంబర్ 4న సురంజన్ దాస్ దాన్ని గాల్లోకి లేపారు. 1968 నుంచి వైమానికదళం పిల్లలకు అదే బడి. హకీంపేట వైమానిక స్థావరం చుట్టుపక్కల పుట్టిపెరిగిన వాళ్లకు దాని రొద ఇంట్లో ఫ్యాను చప్పుడు లాంటిది, ఆగిపోతేనే తలెత్తి చూస్తారు. బొద్దుగా, బుద్ధిగా ఉంటుంది. గురువూ శిష్యుడూ ముందువెనకలుగా కాదు, పక్కపక్కన కూర్చుంటారు. శిష్యుడి చెంపమీద చెమట పట్టిందో లేదో గురువు తల తిప్పితే తెలుస్తుంది.

ఆ కాక్‌పిట్‌లో జరిగే పాఠం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ముందు ముందు మనకది పనికొస్తుంది. స్పిన్ పాఠం. చాలా ఎత్తుకు వెళ్లి, థ్రాటిల్ వెనక్కి లాగి, ముక్కు పైకెత్తి పెడతారు. వేగం పడిపోతుంది. రెక్కలకు గాలి పట్టు తప్పి ఒళ్లంతా వణుకుతుంది. అప్పుడు రడ్డర్ ఒక పక్కకు పూర్తిగా తొక్కుతారు. ముక్కు కిందికి వాలి, పొలాలూ చెరువులూ కళ్లముందు గిర్రున తిరుగుతాయి. ఇప్పుడు శిష్యుడు చేయాల్సింది భయపడకుండా తిరుగుడుకు ఎదురు రడ్డర్ తొక్కడం, స్టిక్ ముందుకు నెట్టడం, తిరుగుడు ఆగాక మెల్లగా ముక్కు పైకి లాగడం. గురువు చేతులు మోకాళ్లమీదే ఉంటాయి. శిష్యుడు తడబడుతుంటే చూస్తూ కూర్చుంటాడు. ఎంతసేపు చూస్తూ కూర్చోవచ్చో, ఏ క్షణాన కంట్రోల్స్ లాక్కోవాలో తెలియడమే గురువు విద్యంతా. ఆ లెక్క తప్పితే ఇద్దరూ ఉండరు. ట్రైనర్ అంటే అదీ: కుర్రాడు తప్పు చేయడానికి అవకాశమిచ్చి, ఆ తప్పును క్షమించే యంత్రం.

ఢిల్లీ ఫైలు గురించి చెప్పాలంటే ఇదే పాఠం తిరగేసి చదవాలి. అక్కడ తప్పు చేసినవాడికి ఎత్తుతో పనిలేదు, ఎదురు రడ్డర్ తొక్కాల్సిన పని అసలే లేదు. కిరణ్‌లో ఎజెక్షన్ సీటు నేలమట్టంలోనూ పనిచేస్తుంది గానీ దానికి విమానం కనీస వేగంలో ఉండాలి. సున్నా ఎత్తులో, సున్నా వేగంలో మనిషిని క్షేమంగా బయటపడేసే సీట్లు తర్వాతి తరం విమానాలకు వచ్చాయి. సెక్రటేరియట్ కుర్చీకి ఈ సౌకర్యం బ్రిటిష్ వాడి హయాం నుంచీ ఉంది. బదిలీ ఉత్తర్వు అందగానే అధికారి ఫైలు వదిలేసి పైకి ఎగిరి, పారాషూట్ కూడా అక్కర్లేకుండా ఇంకో శాఖలో మెత్తగా దిగుతాడు.

ఇక అసలు కథకు వద్దాం. 1982లో ఎయిర్ మార్షల్ లా ఫాంటైన్ నాయకత్వంలోని కమిటీ ఒక మాట చెప్పింది. పిల్లల్ని కిరణ్ దించి నేరుగా ధ్వనికి రెండింతల వేగంతో పోయే మిగ్-21 ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం, మధ్యలో ఒక అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలి. మాట సూటిగా ఉంది. అర్థం కాకపోవడానికేమీ లేదు. అందుకే కాబోలు, దాని మీద ఇరవై రెండేళ్లు ఆలోచించారు. బ్రిటిష్ వాళ్ల హాక్ మంచిదా, ఫ్రెంచి జర్మన్ల ఆల్ఫా జెట్ మంచిదా అన్నారు. ధర ఎక్కువన్నారు. ఈలోగా బోఫోర్స్ పేలింది. ఆ తర్వాత రక్షణశాఖలో ఆయుధాల ఫైలు మీద సంతకం పెట్టడమంటే పాము పుట్టలో చెయ్యి పెట్టడమే. సంతకం పెట్టినవాడి మీద కేసు పడొచ్చు. పెట్టనివాడి మీద ఈ దేశంలో ఇంతవరకూ కేసు పడిన దాఖలా నేనెరగను. హాక్ ఒప్పందం మీద సంతకాలు పడింది 2004 మార్చిలో. మొదటి విమానాలు బీదర్‌లో దళంలో చేరింది 2008 ఫిబ్రవరిలో. సున్నా వేగంతో ఇరవై రెండేళ్లు గాల్లో నిలబడిన వస్తువు విమానయాన చరిత్రలో ఈ ఫైలు తప్ప ఇంకోటుందా? రైట్ సోదరులు చూసి ఉంటే సైకిల్ షాపుకి తిరిగి వెళ్లిపోయేవారు.

1982లో పుట్టిన పిల్లాణ్నొకణ్ని తీసుకోండి. కమిటీ నివేదికా వాడూ ఒక ఈడువాళ్లు. వాడు బడికెళ్లాడు, ఇంటర్ చదివాడు, పరీక్ష రాసి ఎంపికయ్యాడు, దుండిగల్ పరేడ్ మైదానంలో తల్లి చూస్తుండగా ఛాతీకి రెక్కల బిళ్ల పెట్టించుకున్నాడు. అప్పటికి నివేదిక ఇంకా నడక నేర్చుకుంటోంది. పిల్లాడు కిరణ్ దిగి తేజ్‌పూర్‌లో మిగ్-21 ఎక్కాడు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? ఏటా బ్యాచ్‌లు బయటికొస్తూనే ఉండాలి, స్క్వాడ్రన్లు నిండుతూనే ఉండాలి. వాడు కిరణ్ నుంచి మిగ్‌కు ఎగబాకాల్సిన మెట్టు ఢిల్లీలో ఒక బీరువాలో ఉంది.

లెక్కలు చెప్పమంటారా? 2012లో రక్షణమంత్రి ఏకే ఆంటోనీ పార్లమెంటుకు చెప్పినవే చెబుతాను. కొన్న మిగ్‌లు 872. అప్పటికి ప్రమాదాల్లో పోయినవి 482. పోయిన పైలట్లు 171 మంది. విమానమెక్కకుండానే పోయిన మామూలు పౌరులు 39 మంది. సగానికి పైగా విమానాలు శత్రువు తూటా తగలకుండానే కూలిపోయిన దళానికి ఇంకో శత్రువెందుకు? ఇవన్నీ ట్రైనర్ లేకపోవడం వల్లే అంటే అబద్ధమవుతుంది. విడిభాగాలు, పక్షులు, పాతబడ్డ ఇంజన్లు, నిర్వహణ, అన్నీ ఉన్నాయందులో. తిలా పాపం తలా పిడికెడు. పంచగా పంచగా ఫైలు వాటాకు వచ్చేసరికి పిడికెడు కూడా మిగలదు, అదే చిత్రం.

2003 ఆగస్టులో ఒక ముచ్చట జరిగింది. ‘ఎగిరే శవపేటికలు’ అని పత్రికలు గోల పెడుతుంటే, రక్షణమంత్రి జార్జి ఫెర్నాండెజ్ డెబ్భైమూడేళ్ల వయసులో అంబాలాలో రెండు సీట్ల మిగ్-21 ఎక్కి ఒక చక్కరు కొట్టి దిగారు. ధైర్యవంతుడే, కాదనను. మంత్రిగారు క్షేమంగా దిగారు కాబట్టి విమానం క్షేమమన్నమాట. విమానం నడిపింది దళంలో పండిపోయిన పైలటన్న సంగతీ, తేజ్‌పూర్‌లో ఒంటరిగా ఎక్కేది ఇరవై రెండేళ్ల కుర్రాడన్న సంగతీ ఫొటోలో కనపడవు. అంత క్షేమమైన విమానానికి తోడుగా ఇంకోటెందుకనుకున్నారో ఏమో గానీ, మరుసటి నెలలోనే కేంద్ర మంత్రివర్గం హాక్‌కు పచ్చజెండా ఊపింది. ఇరవయ్యొక్కేళ్లుగా కాని పని మంత్రిగారు విమానమెక్కి దిగిన నెలరోజులకు అయింది. ముందే తెలిస్తే 1983లోనే ఒకరిని ఎక్కించి ఉండేవాళ్లం.

ఇదంతా పైమెట్టు కథ. కిందిమెట్టు కథ ఇంకా కమ్మగా ఉంటుంది. కిరణ్ కన్నా ముందు, ఓనమాలు దిద్దించే విమానం హెచ్‌పీటీ-32 దీపక్. పిస్టన్ ఇంజన్ బండి. గాల్లో ఉండగా ఇంజన్ ఆగిపోవడం దానికి అలవాటు. 17 ప్రమాదాలు, 19 మంది పైలట్లు. 2009 జూలై ఆఖర్న మెదక్ జిల్లాలో ఇద్దరు పోయాక దాన్ని నేలకు దించేశారు. ఇరవయ్యో ప్రాణం దాకా ఆగనందుకు సంతోషించాలేమో. దించారు సరే, దాని బదులు ఏముంది? ఏమీ లేదు. కాబట్టి జన్మలో విమానం నడపని పిల్లల్ని నేరుగా కిరణ్ జెట్‌లో కూర్చోబెట్టారు, పలక పట్టని పిల్లాణ్ని పదో తరగతి పరీక్షకు పంపినట్టు. నాలుగు దశాబ్దాలు మధ్యతరగతి పాఠం చెప్పిన ముసలి మేష్టారికి ఒకటో తరగతీ అప్పగించారు. 2013లో స్విట్జర్లాండ్ పిలాటస్‌లు దుండిగల్ చేరేదాకా ఇదే సంసారం. ట్రైనర్లకు ఎంత కటకటొచ్చిందంటే, 2011లో వైమానికదళం తన ముద్దుల ‘సూర్యకిరణ్’ విన్యాస బృందాన్నే మూసేసి ఆ కిరణ్ విమానాల్ని పిల్లల చదువుకు తోలుకుపోయింది. పండగ బట్టలు అమ్మి బియ్యం తెచ్చుకునే ఇల్లు మనది, అయినా పొరుగు రాజ్యాల ముందు మీసం తిప్పడంలో లోటు చేయం.

మరి కిరణ్ వారసుడు? ఉన్నాడండీ, ఉన్నాడు. హెచ్‌జేటీ-36, ముద్దుపేరు సితార. 1999లో మంజూరయింది. 2003 మార్చి 7న ఎగిరింది, అది నిజంగా మెచ్చుకోవాల్సిన వేగం. చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టిన చేతులకు ముడతలొచ్చాయి. 2007లో బెంగళూరు వైమానిక ప్రదర్శనలో టేకాఫ్ పరుగులోనే పైకప్పు తెరుచుకుని రన్‌వే పక్కకి పోయింది. 2011లో తమిళనాడులో ఒక నమూనా కూలింది, పైలట్లు బయటపడ్డారు. ఇంజన్ మారింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటనుకుంటున్నారు? స్పిన్! గింగిరాల్లోంచి బయటపడటం పిల్లలకు నేర్పాల్సిన విమానం, తానే గింగిరాల్లోంచి సవ్యంగా బయటపడటం లేదు. ఈత రాని ఈతమేష్టారు. దాన్ని సరిదిద్ది, స్పిన్ పరీక్షలు పూర్తిచేశామని చెప్పుకునేసరికి 2022 వచ్చింది. ఇంజనీర్లు కష్టపడలేదని ఎవరంటారు, తోకను తిరిగి గీయడం చిన్న పని కాదు. అయితే ఈలోగా 2003లో ఆ విమానం మొదటిసారి ఎగిరిననాడు పుట్టిన పిల్లలు అకాడమీ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు, ఎక్కడానికి మళ్లీ ఆ కిరణే.

2025 ఫిబ్రవరిలో సితారకు ఎట్టకేలకు పరిష్కారం దొరికింది. పేరు మార్చారు. ఇప్పుడది ‘యశస్’. విమానం దళానికి చేరకముందే యశస్సు చేరిపోయింది. రేపు ఏదైనా అడ్డొస్తే ఇంకో పేరుంది, సంస్కృతంలో పేర్లకు కరువు లేదు.

ఈ మధ్యకాలంలో కిరణ్ ఊరుకుందా? 2018 నవంబర్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒకటి కూలింది, శిక్షణలో ఉన్న పిల్లాడు ఎజెక్ట్ అయి బతికాడు. 2023 జూన్‌లో కర్ణాటక చామరాజనగర దగ్గర ఇంకోటి, అందులోనూ ఇద్దరూ పారాషూట్లతో దిగారు. అదృష్టం కూడా ఒక రక్షణ సామగ్రే, బడ్జెట్‌లో దానికి పద్దు లేదు గానీ ఎక్కువ వాడుతున్నది దాన్నే.

పొలంలో విమానం పడ్డప్పుడు చూడండి. మొదట చేరేది మోటారు ఆపి పరుగెత్తుకొచ్చిన రైతు. పైలట్‌ను పొదివి పట్టి గట్టు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చేది ఆయనే. తర్వాత సెల్‌ఫోన్లు పట్టుకుని ఊరి కుర్రాళ్లు. తర్వాత పోలీసులూ వాళ్ల తాడూ. ఆ తర్వాత నీలి యూనిఫారాలు వచ్చి ప్రతి తునకా ఏరి, నంబరు వేసి, ట్రక్కుకెక్కిస్తారు. వేలెడంత రేకు ముక్క కూడా వదలరు. ఎందుకు పడిందో తెలియాలంటే తునకలన్నీ కావాలి మరి. ఫైలులోనూ ప్రతి కాగితానికీ నంబరుంటుంది. మార్జిన్‌లో ఆకుపచ్చ సిరా సంతకం, కింద తేదీ, పక్కన ‘చర్చించవలెను’, దాని కింద ఆరునెలల తర్వాతి తేదీతో ‘చర్చించితిమి, మరల సమర్పించవలెను’. ఏ కాగితం ఏ బల్ల మీద ఎన్ని నెలలు నిద్రపోయిందో బ్లాక్ బాక్సు కన్నా స్పష్టంగా అందులోనే రాసుంటుంది. దాన్ని ఏరుకుపోవడానికి మాత్రం ఏ ట్రక్కూ రాదు.

పైలట్ విషయంలో మనకా మొహమాటం లేదు. ‘హ్యూమన్ ఎర్రర్’ అని రెండు ముక్కలు రాసేస్తే సరి. 2001 సెప్టెంబర్‌లో రాజస్థాన్ సూరత్‌గఢ్‌లో రాత్రిపూట మిగ్-21తో లేచిన కుర్ర పైలట్ అభిజిత్ గాడ్గిల్, లేచిన కాసేపటికే నేలకొరిగాడు. తప్పు అతనిదే అన్నారు. తల్లి కవితా గాడ్గిల్ ఆ మాటను మింగలేదు, ఏళ్ల తరబడి దళంతోనూ శాఖతోనూ పోట్లాడారు. పోయినవాడు జవాబు చెప్పలేడు కదా, వాడి తరఫున చెప్పడానికి తల్లికి జీవితంలో ఒక భాగం ఖర్చయింది. హ్యూమన్ ఎర్రర్‌లో హ్యూమన్ ఎప్పుడూ కాక్‌పిట్‌లోనే దొరుకుతాడేం? రక్షణశాఖ సౌత్ బ్లాక్‌లో నాలుగో బల్ల దగ్గర కూర్చునేవాళ్లు ఏ జాతి ప్రాణులు?

అందుకని నేనొక ప్రతిపాదన చేస్తున్నాను. విమానాలకు చాలాసార్లు చేశాం, ఒక్కసారి ఫైలుకు కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేద్దాం. ఎలా సాగుతుందో నాకు తెలుసు, ముందే రాసిచ్చేస్తాను, కమిటీకి టీఏ డీఏ మిగులుతాయి.

మొదటి సాక్షి, రిటైర్డ్ సంయుక్త కార్యదర్శి. ఫైలు తన బల్ల మీద పద్నాలుగు నెలలున్న మాట నిజమేననీ, అయితే అందులో పదకొండు నెలలు తాను వేరే ఫైళ్ల మీద కూర్చున్నాననీ చెప్పారు. రెండో సాక్షి, ఆర్థిక సలహాదారు. ‘ధర ఇంకొంచెం తగ్గుతుందేమో’ అని రాసింది తానేనని ఒప్పుకున్నారు. తగ్గిందా అని అడిగితే, పెరిగిందన్నారు. ఎంత అని అడిగితే, అది వేరే ఫైలన్నారు. మూడో సాక్షి, సెక్షన్ ఆఫీసర్. ఒక సంవత్సరం మొత్తం ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదనీ, చివరికి బీరువా వెనకాల దొరికిందనీ, దొరికినందుకు తనకు ప్రశంసాపత్రం వచ్చిందనీ చెబుతూ ఆ పత్రం జిరాక్స్ సమర్పించారు. నాలుగో సాక్షిగా పిలిచిన మాజీ మంత్రి, ఫైలు తన దగ్గరికి వచ్చేనాటికి ప్రభుత్వం పడిపోయిందనీ, పడిపోవడం అన్నది గురుత్వాకర్షణ వల్ల జరిగే సహజ ప్రక్రియ అనీ వాంగ్మూలమిచ్చారు.

కోర్టు కనుగొన్న అంశాలు: ఫైలులో సాంకేతిక లోపమేదీ లేదు. ట్యాగులు గట్టిగానే ఉన్నవి. వాతావరణం అనుకూలముగా ఉండినది. మానవ తప్పిదమునకు ఆధారములు లభించలేదు, కారణము ఫైలు నడిపిన మానవులెవ్వరో నిర్ధారణ కాలేదు. పక్షి ఢీకొన్న అవకాశమును తోసిపుచ్చలేము.

సిఫారసులు: ఇకపై ఇట్టి జాప్యములు జరగకుండా సూచనలిచ్చుటకు ఒక ఉన్నతస్థాయి కమిటీ వేయవలెను. కమిటీ సభ్యుల నియామకమునకై ఫైలు తెరవబడినది. ఆర్థికశాఖ ఆమోదమునకు పంపబడినది. మరల సమర్పించవలెను.